ఎవరి డబ్బుతో స్వదేశీ? ‘ఘరే బాయిరే’ మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

రవీంద్రనాథ్ ఠాగూర్ నవల ‘ఘరే బాయిరే’, అంటే ‘ఇంటా బయటా’, గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. నవల చదవనివాళ్ళు కూడా వస్తారు కాబట్టి ముందు కథ చెప్పమన్నారు. చెప్తాను, కథ చిన్నదే.

బెంగాల్లో ఒక జమీందారు, పేరు నిఖిలేశ్. ఎం.ఏ. చదివాడు. తాగడు, తిరగడు. అతని అన్నలిద్దరూ తాగి తాగి చిన్న వయసులోనే పోయారు. వాళ్ళ భార్యలు పెద్దరాణి, నడిపిరాణి వితంతువులై ఆ ఇంట్లోనే ఉన్నారు. నిఖిలేశ్ భార్య విమల. రంగు తక్కువ పిల్ల. లక్షణాలు మంచివని జ్యోతిష్కుడు చెప్తే ఆ ఇంటి కోడలైంది. భార్యకి చదువు చెప్పడానికి నిఖిలేశ్ మిస్ గిల్బీ అనే ఇంగ్లీషు ఆవిడని పెట్టాడు. కొత్త ఫ్యాషను జాకెట్లు కుట్టించాడు. అంతఃపురం దాటి బయటికి రమ్మని బతిమాలాడు. విమల రాలేదు. తర్వాత స్వదేశీ ఉద్యమం వచ్చింది. దాని వెంట నిఖిలేశ్ స్నేహితుడు సందీప్ వచ్చాడు. మంచి మాటకారి. అతని కోసం విమల గడప దాటింది, అతని కోసమే సొంత ఇంట్లో దొంగతనం చేసింది. చివరికి ఊళ్ళో హిందూ ముస్లిం గొడవలు రేగాయి. సందీప్ ఊరు వదిలి వెళ్ళిపోయాడు. నిఖిలేశ్ ఒంటరిగా గుర్రమెక్కి గొడవ ఆపడానికి వెళ్ళి తల పగలగొట్టుకుని వచ్చాడు. విమల, నిఖిలేశ్, సందీప్ ముగ్గురూ వంతులవారీగా ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటారు.

రవీంద్రుడు దీన్ని 1915-16లో ‘సబుజ్ పత్ర’ అనే పత్రికలో నెలనెలా రాశాడు. 1916లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందు ఆయన నవలలన్నీ గ్రాంథిక బెంగాలీలో ఉండేవి. వాడుక భాషలో రాసిన మొదటి నవల ఇదే. అదే కాలంలో ఇక్కడ గిడుగు, గురజాడ వాడుక భాష కోసం పోట్లాడుతున్నారు కాబట్టి, అది ఎంత పెద్ద తగాదానో మీకు వేరే చెప్పక్కర్లేదు. అయినా మన ఇళ్ళలో శరత్ నవలలు అట్టలు ఊడిపోయేదాకా చదివారు గానీ రవీంద్రుడి నవలల జోలికి అంతగా పోలేదు. శరత్ ఏడిపిస్తాడు, ఈయన వాదిస్తాడు. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాదన ఎవరికి కావాలి?

ఈ నవలకి ఒక స్థిరపడిన అర్థం ఉంది. విమల అంటే బెంగాల్. ఆవిడకి ఒకపక్క వివేకం, ఇంకోపక్క ఆవేశం. ఆవేశం వెంట పడి నష్టపోయింది, వివేకం విలువ ఆలస్యంగా తెలిసింది. పరీక్షల్లో ఇలా రాస్తే మార్కులొస్తాయి. ఇందులో అబద్ధం కూడా లేదు. కానీ ఇలా చదివితే విమల మనిషిగా మిగలదు, ఇద్దరు మగవాళ్ళ వాదనకి ఉదాహరణ అయిపోతుంది. నేను ఈసారి ఇంకో దారిలో చదివాను. ఈ కథలో జరిగే ప్రతి గొప్ప పనికీ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి జేబు ఖాళీ అయింది అని చూస్తూ పోయాను. ఇవాళ ఆ లెక్కే మీ ముందు పెడతాను.

దానికి ముందు ఒక నిజమైన సంగతి చెప్పాలి, నవల పుట్టడానికి యాభై ఏళ్ళకి పైగా ముందుది. రవీంద్రుడి రెండో అన్న సత్యేంద్రనాథ్. తర్వాత ఐ.సి.ఎస్. పాసైన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన భార్య జ్ఞానదానందిని చిన్నపిల్లగా ఉన్నప్పుడే కలకత్తా జొరాసాంకోలో ఉన్న ఠాగూర్ల ఇంటికి కోడలై వచ్చింది. సత్యేంద్రనాథ్ స్నేహితుడు మనోమోహన్ ఘోష్‌కి స్నేహితుడి భార్యని చూడాలని కోరిక. ఆవిడ బయటికి రాకూడదు, ఈయన లోపలికి పోకూడదు. ఏం చేశారంటే, ఒక రాత్రి స్నేహితులిద్దరూ ఒకే మనిషి నడుస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ అంతఃపురంలోకి వెళ్ళారు. భర్త ఆయన్ని దోమతెరలోకి పంపించాడు. లోపల ఆ పిల్ల, ఈయన. ఇద్దరూ నోరు విప్పకుండా ముడుచుకుని కూర్చున్నారు. కాసేపయ్యాక మళ్ళీ అలాగే అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి వచ్చేశారు. (నవ్వులు) ఇది ఆవిడే పెద్దయ్యాక చెప్పిన జ్ఞాపకం.

మనకి నవ్వొస్తుంది. ఆ పిల్ల వైపు నుంచి చూడండి. భర్త ఉదారుడు, ఘోషా పోవాలనే నమ్మకం ఉన్నవాడు. కానీ ఆ రాత్రి ఆ పిల్లకి ఇష్టమా కాదా అని ఎవరూ అడగలేదు. స్త్రీ స్వేచ్ఛ అనేది ఇద్దరు మగవాళ్ళు కలిసి వేసిన ప్లాను.

అయితే జ్ఞానదానందిని అక్కడ ఆగిపోలేదు. బొంబాయి వెళ్ళింది, ఇప్పుడు మనం చూసే పద్ధతిలో చీర, జాకెట్టు వేసుకోవడం బెంగాలీ ఇళ్ళకి నేర్పింది. 1866లో కలకత్తాలో గవర్నర్ జనరల్ విందుకి వెళ్ళింది. 1877లో భర్త పక్కన లేకుండా పిల్లల్ని తీసుకుని ఇంగ్లాండు ఓడ ఎక్కింది. ఈ సంగతులు ఎందుకు చెప్తున్నానంటే, ‘ఘరే బాయిరే’ అచ్చేసిన ‘సబుజ్ పత్ర’ సంపాదకుడు ప్రమథ చౌధురి ఆవిడ అల్లుడు. నవలని ఇంగ్లీషులోకి తెచ్చిన సురేంద్రనాథ్ ఠాగూర్ ఆవిడ కొడుకు. నవల చుట్టూ ఉన్నదంతా గడప దాటిన ఆ మనిషి కుటుంబమే. అంటే గడప దాటిన స్త్రీ ఎలా ఉంటుందో రవీంద్రుడికి ఇంట్లోనే తెలుసు. తెలిసీ విమలని అలా రాయలేదు.

ఇప్పుడు విమల దగ్గరికి వద్దాం. ఆవిడ ఎంత దూరం వెళ్ళిందో చూడండి. అంతఃపురం నుంచి బయటి హాలు దాకా. అంతే! నవల పేరులో ‘బయట’ ఉంది గానీ నవల మొత్తంలో విమల ఆ భవనం ఆవరణ దాటదు. సందీప్ ఉపన్యాసం కూడా ఇంటి పూజా మంటపంలోనే జరిగింది. ఆవిడ తెర వెనక కూర్చుని వింటూ, ఉండబట్టలేక తెర పక్కకి తోసి మొహం బయటపెట్టింది. ఆ క్షణంలో తాను జమీందారు ఇంటి కోడలినన్న సంగతి మర్చిపోయాననీ, బెంగాల్ స్త్రీలందరి తరఫునా తానొక్కతే అక్కడ ఉన్నట్టనిపించిందనీ చెప్తుంది. మర్నాడు సందీప్‌ని భోజనానికి పిలవమని భర్తకి తనే చెప్పింది. తలంటుకుని, ఎర్ర పట్టు రిబ్బను కట్టుకుని తయారైంది.

నిఖిలేశ్ కోరిక ఏమిటి? నువ్వు ఇంట్లో నాతో చుట్టుకుపోయి ఉన్నావు, నీకేం కావాలో, నీకేం ఉందో నీకు తెలియదు, బయటి లోకంలో నన్ను చూసి అప్పుడు కూడా నన్నే ఎంచుకో, అంటాడు. చాలా గొప్ప మాట. ఆ రోజుల్లో ఎంతమంది భర్తలు అనగలరు? కానీ కాస్త నెమ్మదిగా చదివితే, అది విమల కోసం అడిగిన స్వేచ్ఛ కాదని తెలుస్తుంది. తన ప్రేమ నిజమో కాదో తేల్చుకోవడానికి పెట్టిన పరీక్ష. విమల ఆ పరీక్ష అడగలేదు. ఆవిడ రోజూ పొద్దున్నే భర్త లేవకముందే ఆయన పాదధూళి తీసుకోవాలనుకునే మనిషి, అందులో ఆవిడకి సుఖం ఉంది. ఆయనకి అది నచ్చదు. ఆయనకి సమానురాలు కావాలి. ఆవిడ సమానురాలు కావాలని కూడా ఆయనే నిర్ణయించాడు. చాలా పేజీల తర్వాత నిఖిలేశ్‌కే ఈ సంగతి తడుతుంది. విమలని తన మనసులో ఉన్న ఆదర్శం అచ్చులో పోయాలని చూశాననీ, అదీ ఒక రకం దౌర్జన్యమేననీ రాసుకుంటాడు. నన్నడిగితే నవలలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న చోటు అదే.

సందీప్ ఇంకో రకం. అతను విమలని మక్షీరాణి అంటాడు, అంటే తేనెటీగల రాణి. దేశానికి శక్తివి నువ్వే అంటాడు. ప్రతి విషయం ఆవిడని అడిగి చేస్తున్నట్టు నటిస్తాడు. తొమ్మిదేళ్ళుగానో పదేళ్ళుగానో ఇంట్లో చీరా సారె గురించి తప్ప అభిప్రాయం అడగని మనిషికి ఒక్కసారిగా రాజకీయాల మీద సలహా అడిగితే ఎలా ఉంటుంది? విమల పడిపోవడంలో నాకు ఆశ్చర్యమేమీ కనపడదు. తిట్టాలనీ అనిపించదు. పైగా సందీప్ తన డైరీలో తన గురించి దాచుకోడు. రామాయణంలో అసలైన వీరుడు రావణుడే, సీతని అశోకవనంలో ముట్టకుండా ఉంచిన ఆ చిన్న సంకోచమే అతన్ని ముంచింది, అని రాస్తాడు. నవల పత్రికలో వస్తుండగానే ఆ మాటకి బెంగాల్లో పెద్ద గోల జరిగింది. పాత్ర అన్న మాటని రచయిత నెత్తిన వేసి తిట్టారు. ఇప్పుడు కూడా జరుగుతూనే ఉంది కదా.

సరే, 1905. లార్డ్ కర్జన్ బెంగాల్‌ని రెండు ముక్కలు చేస్తున్నట్టు ఆ జూలైలో ప్రకటన వచ్చింది. ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్లో విదేశీ వస్తు బహిష్కరణ తీర్మానం చేశారు. అక్టోబర్ 16న విభజన అమల్లోకి వచ్చింది. ఆ రోజు రవీంద్రుడు వీధుల్లో పాటలు పాడుతూ, హిందువులకీ ముస్లింలకీ రాఖీలు కడుతూ తిరిగాడు. ఇవాళ బంగ్లాదేశ్ జాతీయగీతంగా ఉన్న పాట ఆ రోజుల్లో రాసిందే. ఆడవాళ్ళకి కూడా ఉద్యమంలో పని ఇచ్చారు. ఏమిటా పని? ఆ రోజు పొయ్యి వెలిగించొద్దు అన్నారు. విదేశీ గాజులు తీసెయ్యమన్నారు. ముకుంద దాస్ అనే గాయకుడు ఊరూరా ఆ పాటే పాడాడు. నగలివ్వమన్నారు. వంట మానడం, గాజులు తీయడం, నగలివ్వడం. గడప దాటకుండా చేయగలిగినవే అన్నీ. అప్పట్లోనే రవీంద్రుడి మేనకోడలు సరళాదేవి లాంటివాళ్ళు స్వదేశీ దుకాణం నడిపారు, కుర్రాళ్ళకి వ్యాయామ ఉత్సవాలు పెట్టారు, పత్రిక నడిపారు. అలాంటి స్త్రీ ఈ నవలలో ఒక్కరైనా లేరు. ఇది నాకున్న ఫిర్యాదు.

ఈ గాలి నిఖిలేశ్ ఇంట్లోకి వచ్చేసరికి మొదట దెబ్బ తగిలింది మిస్ గిల్బీకి. ఆ ఇంట్లో ఉండి చదువుకునే నరేన్ అనే కుర్రాడు ఆవిడని దారిలో అవమానించాడు. నిఖిలేశ్ ఆ కుర్రాణ్ణి ఇంట్లోంచి పంపేశాడు. విమలకి అది నచ్చలేదు, ఊరంతా నిఖిలేశ్‌ని తిట్టిపోసింది. మిస్ గిల్బీ వెళ్ళిపోయింది. విమలకి బయటి లోకం చూపించిన మొదటి కిటికీ ఆవిడే. దేశభక్తి వచ్చి ఆ కిటికీ మూసి, సందీప్ అనే తలుపు తెరిచింది.

ఇప్పుడు డబ్బు లెక్క. నిఖిలేశ్ ఉద్యమం రాకముందు నుంచే స్వదేశీ మనిషి. దేశీ పెన్సిళ్ళు, దేశీ కత్తి, రెల్లు కలం వాడేవాడు. రైతులకి అప్పులివ్వడానికి బ్యాంకు పెట్టి డబ్బు పోగొట్టుకున్నాడు, ఈత రసంతో పంచదార చేయించబోయి ఇంకొంత పోగొట్టుకున్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఉద్యమం వచ్చాక విమల తన విదేశీ బట్టలన్నీ కాల్చేస్తానంటే, ఇష్టం లేకపోతే కట్టుకోవద్దు, కాల్చడం ఎందుకు అన్నాడు. గురజాడ 1910లో రాసిన ‘దేశభక్తి’ గేయం గుర్తొస్తుంది నాకు ఇక్కడ. మనం మట్టి, మనుషుల చరణం దగ్గరే ఆగిపోతాం గానీ, అందులో ‘దేశి సరుకులు నించవోయ్’ అని ఉంది, ‘వొట్టి మాటలు కట్టిపెట్టోయ్’ అని ఉంది. తయారు చెయ్యి, అమ్ము అన్నాడాయన. తగలబెట్టు అనలేదు. నిఖిలేశ్ ఈ గేయం చదవలేదు, గురజాడ ఈ నవల పుస్తకంగా వచ్చేదాకా బతకలేదు. ఇద్దరూ ఒకే చోటికి విడివిడిగా వచ్చారు.

నడిపిరాణి కూడా మరిది మాట విని దేశీ సబ్బు కొనేది. ఆ సబ్బు బట్టలుతకడానికి పోయేది, ఒంటికి మాత్రం విదేశీ సబ్బే. విమల అది పట్టుకుని కపటం అంటుంది. పిల్లాడు ముచ్చటపడుతున్నాడు, సంతోషపెడితే పోయేదేముంది అని నడిపిరాణి ఉద్దేశం. చిన్న విషయమే కానీ నాకు చాలా ఇష్టమైన చోటు. ఇద్దరు తోడికోడళ్ళూ నిఖిలేశ్ ఆదర్శాన్ని తమకి చేతనైనట్టు భరిస్తున్నారు. ఒకావిడ నవ్వుకుంటూ, ఇంకొకావిడ చిరాకుపడుతూ.

పంచు అనే పేదరైతు ఉన్నాడు. భార్య క్షయతో పోయింది, కర్మకాండలకి ఉన్నదంతా పోయింది. నిఖిలేశ్ గురువు చంద్రనాథ్ మాస్టారు ఇచ్చిన అప్పుతో చవక విదేశీ బట్ట కొని ఊళ్ళల్లో తిరిగి అమ్ముకుంటున్నాడు. పక్క జమీందారు హరీశ్ కుండు కొత్తగా దేశభక్తుడయ్యాడు. పంచు మూట తగలబెట్టమన్నాడు. నాకంత స్తోమత లేదు బాబూ, మీకు డబ్బుంది కదా, మీరే కొని కాల్చండి అన్నాడు పంచు. తన్నులు తిన్నాడు, జరిమానా కట్టాడు, మూట తగలబడింది. చుట్టూ వందేమాతరం. విదేశీ బట్ట చవక, దేశీ బట్ట ఖరీదు. ఆ తేడా ఎవరు భరించాలి అన్న ప్రశ్నకి టౌన్ హాలు తీర్మానంలో జవాబు లేదు. పంచు ఒక్క వాక్యంలో చెప్పాడు. మీరు కొని కాల్చండి.

మిర్జాన్ పడవవాడు. విదేశీ సరుకు మోస్తున్నాడని అతని పడవ నదిలో ముంచేశారు. బతుకుతెరువు పోయింది. సందీప్‌కి డబ్బు అవసరం పెరగడానికి ఇలాంటి పనులు కప్పిపుచ్చుకోవడం కూడా ఒక కారణం. అతను విమలని ముందు యాభై వేలు అడిగి, తర్వాత కనీసం అయిదు వేలు అంటాడు. విమల అర్ధరాత్రి పడకగది పక్కనున్న ఇనప్పెట్టె తెరిచి ఆరు వేల విలువ చేసే బంగారు నాణేలు తీసింది. అవి ఎవరివో తెలుసా? వితంతువులైన తోడికోడళ్ళకి ఏటా పూజ పండగకి నిఖిలేశ్ ఇచ్చే కానుక. కలకత్తా బ్యాంకుకి పంపాల్సింది ఆ ఏడు ఆలస్యమై ఇంట్లో ఉండిపోయింది.

దేశమాత కోసం జరిగిన దొంగతనంలో పోయింది ఏ ఇంగ్లీషువాడి డబ్బూ కాదు. ఆ ఇంట్లో ఆస్తీ హక్కూ లేని విధవరాళ్ళది. విమలకి ఆ రాత్రే తెలుస్తుంది. ఇంటిని దోచుకున్నాను, దేశాన్ని కూడా దోచుకున్నట్టే అని కుమిలిపోతుంది. నవల అక్కడినుంచి వేరే దారి పడుతుంది.

ఆ దారి చూపించింది అమూల్య. సందీప్ శిష్యుడు, మీసాలు సరిగ్గా రాని కుర్రాడు. డబ్బు కావాలంటే ముసలి ఖజాంచీని చంపేసి తెస్తానంటాడు. ఆత్మకి చావు లేదని గీతలో చదివాడు కదా. ఇది రవీంద్రుడి ఊహ మాత్రమే కాదు. 1906 తర్వాత బెంగాల్లో స్వదేశీ పేరుతో దోపిడీలు మొదలయ్యాయి, 1908లో ఢాకా జిల్లాలో బర్రా దగ్గర జరిగింది అందులో పేరుమోసింది. నవలని ఇంగ్లీషు చేసిన సురేంద్రనాథ్ మొదటి రోజుల్లో అనుశీలన్ సమితి అనే విప్లవకారుల సంఘానికి కోశాధికారి. అంటే ఉద్యమం డబ్బు సంగతులు ఠాగూర్ల ఇంట్లో చాలా దగ్గరగా తెలుసు. అమూల్య మాట విని విమల హడలిపోతుంది. ఈ పిల్లాణ్ణి ఎవరు ఇలా తయారుచేశారు? సందీప్ ముందు దేవతగా కూర్చున్న మనిషి ఈ కుర్రాడికి అక్క అయిపోతుంది. నిఖిలేశ్ ఇవ్వలేకపోయిన స్వేచ్ఛ, సందీప్ ఇచ్చినట్టు నటించిన స్వేచ్ఛ ఈ అక్కరికంలో దొరికిందని నా అభిప్రాయం. ఇక్కడ ఆవిడ ఎవరూ చెప్పకుండా ఒక నిర్ణయం తీసుకుంటుంది, తన నగల పెట్టె అమూల్య చేతికిచ్చి అమ్మి డబ్బు తెమ్మంటుంది. అది సందీప్ చేతిలో పడటం, అమూల్య ఆరు వేల కోసం నిఖిలేశ్ జమీందారీ కచేరీనే దోచుకురావడం, ఇదంతా మీరు చదువుకోండి. కాస్త నాటకీయంగా ఉంటుంది, నేను సమర్థించను.

రవీంద్రుడు ఈ పంచు, మిర్జాన్ సంగతులు ఎక్కడ చూశాడు? శిలైదహ, పతిసర్ ఎస్టేట్లలో. ఆయన స్వయంగా జమీందారు. రైతులకి అప్పులిచ్చే బ్యాంకు పతిసర్‌లో పెట్టాడు, 1913 నోబెల్ బహుమతి డబ్బు కూడా అందులో వేశాడు. ఆ డబ్బు తిరిగి రాలేదు. నిఖిలేశ్ బ్యాంకు కథలో ఉన్న చేదు అక్కడిదే. 1907లో కొమిల్లాలో, జమాల్పూర్‌లో మత ఘర్షణలు జరిగినప్పుడు చాలామంది నాయకులు ఇంగ్లీషువాళ్ళు రెచ్చగొట్టారని చేతులు దులుపుకున్నారు. మన ఇంట్లో పగులు ఉంది కాబట్టే వాళ్ళు వేలు పెట్టగలిగారు అన్నాడు రవీంద్రుడు. పక్కన కూర్చోనివ్వని ముస్లిం రైతుని, ఒక్కరోజులో సోదరా అని పిలిచి ఖరీదైన బట్ట కొనమంటే ఎందుకు కొంటాడు? రవీంద్రుడు ఉద్యమం నుంచి పక్కకి తప్పుకున్నాడు. 1908లో శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ భార్య అబలా బోస్‌కి రాసిన ఉత్తరంలో, వజ్రం ధర ఇచ్చి గాజు కొనను, బతికున్నంతకాలం మానవత్వం మీద దేశభక్తిని గెలవనివ్వను అన్నాడు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. నిఖిలేశ్ ఔదార్యానికి కూడా డబ్బు కావాలి, ఆ డబ్బు శిస్తు రూపంలో వచ్చేది రైతుల నుంచే. ఈ సంగతి మీద నవల పెద్దగా నిలబడదు. ముస్లిం రైతులు చివర్లో గుంపుగా వస్తారు, వాళ్ళలో మాట్లాడే మనిషి దాదాపు లేడు. ఆత్మకథ చెప్పుకునే హక్కు హాల్లో కూర్చునే ముగ్గురికే ఉంది.

తెలుగువాళ్ళకి ఇందులో ఒక తమాషా లింకు ఉంది. 1907లో బెంగాల్ స్వదేశీ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ విశాఖపట్నం నుంచి బందరు దాకా ఉపన్యాసాలిచ్చాడు. రాజమండ్రిలో చిలకమర్తి ‘భరతఖండంబు చక్కని పాడియావు’ పద్యం చెప్పింది ఆ సభల్లోనే. కళాశాల కుర్రాళ్ళు ఆ ఉపన్యాసాలు విని చదువులు పోగొట్టుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వాళ్ళలో ఒకరు. అదే పాల్, 1914లో రవీంద్రుడు ‘స్త్రీర్ పత్ర’ అనే కథ రాస్తే, అందులో మృణాల్ అనే ఇల్లాలు పదిహేనేళ్ళ కాపురం తర్వాత నేనిక రాను అని భర్తకి ఉత్తరం రాస్తే, తట్టుకోలేక ‘నారాయణ్’ పత్రికలో దానికి జవాబు కథ రాశాడు. దేశానికి స్వరాజ్యం కావాలని గోదావరి ఒడ్డున గర్జించిన మనిషికి ఒక ఇల్లాలి స్వరాజ్యం మింగుడుపడలేదు. పాల్‌ని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. మృణాల్‌కి వచ్చిన ఆ జవాబు చూసిన మరుసటి ఏడే రవీంద్రుడు విమలని మొదలుపెట్టాడు. విమల అటు మృణాల్‌లా వెళ్ళిపోదు, ఇటు పాల్ కోరుకున్నట్టు ఉండదు.

విమర్శకులు ఎంత తప్పుగా చదవగలరో కూడా చెప్పాలి. 1922లో హంగరీ మార్క్సిస్టు విమర్శకుడు లుకాచ్, అంతటివాడు, ఈ నవలని ఇంగ్లీషువాళ్ళకి మేలు చేసే కరపత్రం అని కొట్టిపారేశాడు, సందీప్ పాత్ర గాంధీకి వ్యంగ్య చిత్రం అనుకున్నాడు. గాంధీ ఆఫ్రికా నుంచి వచ్చిందే 1915 జనవరిలో. నవల మొదలయ్యేనాటికి ఆయన ఇంకా మూడో తరగతి రైల్లో దేశం చూస్తున్నాడు. కానీ 1921లో గాంధీ విదేశీ బట్టలు కాల్చమన్నప్పుడు రవీంద్రుడు నిఖిలేశ్ మాటలే మళ్ళీ అన్నాడు, కాబట్టి యూరప్‌లో ఉన్న లుకాచ్ గందరగోళపడటంలో కొంత న్యాయం ఉంది.

ఇక సినిమా. సత్యజిత్ రాయ్‌కి ఈ నవల తీయాలని మొదటి సినిమా కంటే ముందు నుంచే కోరిక, అప్పుడే స్క్రిప్టు కూడా రాశాడు. తీసేసరికి గుండెజబ్బు, షూటింగు చివరి భాగం కొడుకు చూసుకున్నాడు. సౌమిత్ర ఛటర్జీ సందీప్‌గా అద్భుతంగా ఉంటాడు. కానీ ముగింపు రాయ్ మార్చాడు. నిఖిలేశ్ శవం వస్తుంది, విమల తెల్లచీరలోకి మారిపోతుంది. నవలలో అమూల్య గుండెలో తూటా దిగి చనిపోయాడని స్పష్టంగా చెప్తారు, నిఖిలేశ్ గురించి మాత్రం తలకి పెద్ద దెబ్బ, ఇప్పుడే ఏమీ చెప్పలేం అంటాడు డాక్టరు. అక్కడ ఆపేశాడు రవీంద్రుడు. విమలని వితంతువుని చేసేస్తే పాఠకుడికి తృప్తిగా ఉంటుంది, తప్పు చేసింది, శిక్ష పడింది అని లెక్క సరిపోతుంది. రవీంద్రుడు ఆ లెక్క సరిపోనివ్వలేదు. నాకు రాయ్ ముగింపు కంటే ఇదే ఎక్కువ ధైర్యంగా అనిపిస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. చివర్లో నిఖిలేశ్, విమల ఊరు వదిలి కలకత్తా వెళ్ళిపోదామనుకుంటారు. అప్పుడు నడిపిరాణి తన పెట్టెలు కూడా సర్దుకుంటుంది, నేనూ వస్తానంటుంది. ఆవిడ ఆ ఇంటికి తొమ్మిదేళ్ళ పిల్లగా వచ్చినప్పుడు నిఖిలేశ్‌కి ఆరేళ్ళు. ఇద్దరూ కలిసి ఆడుకున్నారు. తాగుబోతు భర్త పోయాక ఆవిడకి ఆ ఇంట్లో మిగిలిన తోడు ఆ మరిదే. విమల ఇన్నాళ్ళూ ఆవిడ నోటి దురుసునీ ఈర్ష్యనీ మాత్రమే చూసింది. నిఖిలేశ్‌కి కూడా ఆ పెట్టెలు చూసేదాకా ఈ సంగతి పూర్తిగా అర్థం కాలేదు. భార్యకి దొరసాని టీచర్ని పెట్టిన మనిషికి, ఈ వదినకి కూడా ఒక టీచర్ని పెట్టాలని ఎందుకు తట్టలేదు? ఆవిడకి కూడా నవలలో నాలుగు పేజీల ఆత్మకథ ఇచ్చి ఉంటే ఏం చెప్పేదో! మీలో ఎవరైనా కథలు రాసేవాళ్ళుంటే ఆ పని చేయొచ్చు. ఇక ప్రశ్నలుంటే అడగండి.